మీటియర్ 350 ఇచ్చేసి టూరింగ్ బండి: హిమాలయన్ 450, వీ-స్ట్రామ్, సూపర్ మీటియర్‌లలో ఏది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రాజమండ్రిలో ఉంటారు, 2021లో కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350, ఇప్పటికి 41 వేల కిలోమీటర్లు తిరిగింది. వయసు 39, ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు, వాటిలో ఎక్కువ మీ ఆవిడతో కలిసే: మారేడుమిల్లి, అరకు, శ్రీశైలం, ఒకసారి హంపి. రెండొందల కిలోమీటర్లు దాటితే నడుం పట్టేస్తోంది. షోరూమ్ వాళ్ళు ఎక్స్‌ఛేంజ్‌కి 92 వేలు అంటున్నారు. రాయల్ ఎన్‌ఫీల్డ్‌వే హిమాలయన్ 450, సూపర్ మీటియర్ 650, ఇంకా సుజుకి వీ-స్ట్రామ్ ఎస్‌ఎక్స్, ఈ మూడింటి మధ్య ఊగుతున్నారు. ఎప్పటికైనా లడఖ్ వెళ్ళాలని కూడా రాశారు.

నా జవాబు: హిమాలయన్ 450 తీసుకోండి, తక్కువ ఎత్తు సీటు వేయించి, ట్యూబ్‌లెస్ చక్రాలున్న వేరియంట్‌లో. మీరు ఎక్కువగా ఒంటరిగా తిరిగేవారైతే వీ-స్ట్రామ్ చాలు అనేవాణ్ణి, లక్ష పైనే మిగులుతుంది. సూపర్ మీటియర్ మంచి బండే కానీ మీరు రాసిన రోడ్లకి కాదు. ఇంకో మాట, 92 వేలకి ఒప్పుకుని సంతకం మాత్రం ఇప్పుడే పెట్టకండి, దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఏ ధైర్యంతో చెబుతున్నానో మీకు తెలియదు. నేను విజయవాడలో ఉంటాను. 2013లో థండర్‌బర్డ్ 350 కొని ఏడేళ్ళలో 88 వేల కిలోమీటర్లు తిప్పాను. 2024 ఫిబ్రవరి నుంచి హిమాలయన్ 450 నడుపుతున్నాను. మా తమ్ముడికి వీ-స్ట్రామ్ ఉంది, దాన్ని నేనూ ఆరేడు వేల కిలోమీటర్లు నడిపాను. మా రైడింగ్ గ్రూపులో క్రూయిజర్ (మీటియర్, థండర్‌బర్డ్ లాంటి బండి) ఇచ్చేసి టూరింగ్ బండికి మారినవాళ్ళు నాతో కలిపి తొమ్మిదిమంది. అందులో ముగ్గురం ఏడాదిన్నర తిరక్కుండానే ఆ బండి అమ్మేశాం. మిగతా ఇద్దరి కారణాలు, నా కారణం దగ్గరదగ్గరగా ఒకటే: ఇంజను చూసి కొన్నాం, సీటు చూసి కొనలేదు.

ముందు మీ నడుం నొప్పి గురించి. క్రూయిజర్ మీద కాళ్ళు ముందుకి చాచి కూర్చుంటాం కదా, పది కిలోమీటర్లకి అది హాయి. కానీ అలా కూర్చున్నప్పుడు ఒంటి బరువంతా పిరుదుల మీద, వెన్ను చివర మీద పడుతుంది. గుంత వచ్చిందంటే లేచే వీలు లేదు, ఎందుకంటే కాళ్ళు కింద లేవు, ముందున్నాయి. ప్రతి దెబ్బా నేరుగా వెన్నులోకి ఎక్కుతుంది. టూరింగ్ బండి మీద కాళ్ళు దాదాపు మన కిందే ఉంటాయి, స్పీడ్ బ్రేకర్ కనపడగానే ఫుట్‌పెగ్స్ మీద నిలబడి దాటించవచ్చు. పైగా హిమాలయన్‌కి ముందూ వెనకా సస్పెన్షన్ 200 మిల్లీమీటర్లు దిగుతుంది. సూపర్ మీటియర్‌కి వెనక 101 మాత్రమే. మీ నొప్పికి మందు ఆ తేడాలో ఉంది. 650 ఇంజను మీ నడుంకి ఏమీ చేయదు. మీటియర్ నుంచి సూపర్ మీటియర్‌కి వెళ్తే అదే భంగిమలో ఇంకొంచెం వేగంగా వెళ్ళి అదే నొప్పి తెచ్చుకుంటారు. అయితే నొప్పి కాళ్ళలోకి పాకడం, తిమ్మిరి లాంటివి ఉంటే బండి మార్చే ముందు ఎముకల డాక్టర్‌కి చూపించుకోండి, అది బండితో పోయేది కాదు.

ఇప్పుడు సీటు ఎత్తు. మీ మీటియర్ 765 మిల్లీమీటర్లు. హిమాలయన్ మామూలు సీటు 825, దాన్నే 845కి పెంచుకోవచ్చు, విడిగా దొరికే లో సీటు వేస్తే 805. వీ-స్ట్రామ్ 835. సూపర్ మీటియర్ 740. కాగితం మీద ఆరు సెంటీమీటర్లు ఏమంత తేడా అనిపిస్తుంది. ఘాట్ రోడ్డులో ఆగినప్పుడు తెలుస్తుంది.

నాకెలా తెలిసిందో చెబుతాను. థండర్‌బర్డ్ ఇచ్చేశాక నేను మొదట తీసుకున్నది హిమాలయన్ కాదు, సీటు బాగా ఎత్తున్న ఇంకో బండి. కొన్న మూడో నెలలో మా ఆవిడతో అరకు వెళ్తున్నాం. అనంతగిరి ఘాట్‌లో ఒక మలుపు దగ్గర ఎదురుగా లారీ వస్తే ఎడమ పక్కకి తీసి ఆపాను. అక్కడ తారు అంచు దాటితే మట్టి నాలుగంగుళాలు కిందికుంది. చదును నేల మీద నా మునివేళ్ళు ఆనేవి, అక్కడ ఆనలేదు. కాలు గాల్లో వెతుక్కుంది. వెనక మా ఆవిడ, రెండు పక్కలా బ్యాగులు, బండి మెల్లగా ఎడమకి ఒరిగిపోయింది. వేగం లేదు కాబట్టి ఆవిడకి మోచెయ్యి గీరుకుపోవడంతో పోయింది. కానీ ఆ మట్టి మీద కూర్చుని చున్నీతో మోచెయ్యి తుడుచుకుంటూ "ఈ బండి మీద నేను మళ్ళీ ఎక్కను" అంది, ఎక్కలేదు కూడా. పధ్నాలుగు నెలలకి అమ్మేశాను, 70 వేలు నష్టం. నేను మీకంటే రెండంగుళాలు పొడుగు.

అందుకే షోరూమ్‌కి వెళ్ళే ముందు ఇంట్లో కాలి కొలత తీసుకోండి. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి కాళ్ళ మధ్య పెట్టుకుని సీటు మీద కూర్చున్నట్టు పైకి నొక్కి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా టేపుతో కొలవండి. మీ ఎత్తుకి 730 నుంచి 760 మధ్య రావచ్చు. సీటు కొలత దీనికంటే ఎక్కువుంది కదా అని భయపడక్కర్లేదు, మనం కూర్చోగానే సస్పెన్షన్ కిందికి దిగుతుంది, రైడింగ్ బూట్లు ఒక అంగుళం కలుపుతాయి. కానీ 740 లోపు వస్తే లో సీటు లేకుండా హిమాలయన్ గురించి ఆలోచించకండి. వీ-స్ట్రామ్ సీటు ఎత్తు ఎక్కువే అయినా బండి 167 కిలోలే, ఒరిగినా చేత్తో ఆపుకోవచ్చు. హిమాలయన్ 196, సూపర్ మీటియర్ 241. ఒరిగే బండిని పట్టుకునేటప్పుడు ఆ ముప్పై కిలోల తేడా మోకాలికి తెలుస్తుంది.

మీ ఆవిడ విషయం ఇంకా ముఖ్యం, మీ ప్రశ్నలో దాని గురించి ఒక్క వాక్యమే రాశారు. క్రూయిజర్ వెనక సీటు కిందికి ఉంటుంది, మెత్తగా ఉంటుంది, బ్యాక్‌రెస్ట్ ఉంటుంది. టూరింగ్ బండి మీద వెనక కూర్చునేవాళ్ళు మనకంటే ఎత్తులో ఉంటారు, ఫుట్‌పెగ్ మీద కాలు పెట్టి గుర్రం ఎక్కినట్టు ఎక్కాలి. చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చునే అలవాటుంటే ఈ బళ్ళ మీద అది మానుకోవాల్సిందే. ఎడమ వైపు బ్యాగు స్టాండ్ వచ్చాక కాళ్ళు పెట్టే చోటు ఉండదు, ఘాట్‌లో అయితే ప్రమాదం కూడా. చుడీదార్‌లోనో ప్యాంటులోనో రెండు వైపులా కాళ్ళేసి కూర్చోవాలి. ఇది ఆవిడకి ముందే చెప్పి, షోరూమ్‌కి తీసుకెళ్ళి, నాలుగుసార్లు ఎక్కి దిగమనండి. మా గ్రూపులో బండి అమ్మేసిన మిగతా ఇద్దరూ ఈ పని చేయలేదు.

టెస్ట్ రైడ్ అంటే షోరూమ్ వాళ్ళు చుట్టూ రెండు కిలోమీటర్లు తిప్పి తీసుకొచ్చేస్తారు. దానితో ఏమీ తెలియదు. ఆదివారం కాకుండా మామూలు రోజు పొద్దున్నే వెళ్ళి కనీసం గంట అడగండి, ఇవ్వకపోతే ఆ బండి ఉన్న ఎవరినైనా పట్టుకోండి, టూరింగ్ బళ్ళవాళ్ళు అడిగితే కాదనరు. ఇద్దరూ కూర్చుని గామన్ బ్రిడ్జి మీద అటూ ఇటూ వెళ్ళి రండి. గోదావరి మీద అడ్డంగా కొట్టే గాలిలో బండి ఎలా నిలబడుతోందో, ఆవిడ తలకి గాలి ఎంత తగులుతోందో అక్కడ తెలిసినట్టు ఊళ్ళో తెలియదు. తర్వాత కావాలని ఒక పాడైన రోడ్డు వెతుక్కుని వెళ్ళండి. వెనక కూర్చున్నవాళ్ళు దిగాక మొదట ఏమన్నారో గుర్తుపెట్టుకోండి, అదే నిజమైన అభిప్రాయం. ఇంటికెళ్ళాక మీ ముఖం చూసి మార్చి చెబుతారు.

ఇంజను గురించి ఒక హెచ్చరిక. మీటియర్ 27 ఎన్‌ఎం టార్క్ (లాగే బలం) 4,000 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే ఇచ్చేస్తుంది, నలభై స్పీడ్‌లో టాప్ గేర్ వేసి వదిలేసినా లాగుతుంది. ఆ అలవాటు హిమాలయన్ 450 మీదికి తెస్తే మొదటి వారంలోనే బండి దడదడలాడుతోంది, లాగట్లేదు అని టెన్షన్ పడతారు. దానికి 40 ఎన్‌ఎం ఉన్నా అది 5,500 దగ్గర వస్తుంది, 40 పీఎస్ పవర్ 8,000 దగ్గర. ఆరు గేర్లున్నాయి, వాడాలి. మూడు వేల ఆర్‌పీఎం కిందికి పడనివ్వకుండా గేర్ దించడం అలవాటు చేసుకోండి, నాకు చేతికి రావడానికి నెల పట్టింది. వచ్చాక మాత్రం ఇద్దరం, బ్యాగులతో, ఘాట్‌లో లారీని దాటాల్సినప్పుడు గేర్ ఒకటి దించి తిప్పితే చాలు, ఊపిరి బిగబట్టుకునే పని లేదు.

వీ-స్ట్రామ్ 249 సీసీ, 26.5 పీఎస్, 22.2 ఎన్‌ఎం. ఈ అంకెలు చూసి తక్కువ అంచనా వేయకండి, ఒంటరిగా అయితే హైవే మీద తొంభైలో రోజంతా వెళ్తుంది, ఇంజను చాలా నున్నగా ఉంటుంది, ఆయిల్ కూలింగ్ కాబట్టి రేడియేటర్ గొడవ లేదు, అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. మా తమ్ముడి బండి లీటరుకి 35 దాకా ఇస్తుంది. కానీ ఇద్దరూ కూర్చుని, నలభై లీటర్ల సామాను కట్టుకుని, శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే మూడో గేర్‌లో గోల చేస్తుంది. ఆపదు, ఎక్కుతుంది, కాకపోతే ఓపిక కావాలి. మీ ట్రిప్పుల్లో ఎక్కువ ఇద్దరితో అన్నారు కాబట్టే నేను హిమాలయన్ వైపు మొగ్గాను. లేకపోతే దీనికి చెప్పుకోదగ్గ వంక ట్యాంకు 12 లీటర్లే కావడం ఒక్కటే.

సూపర్ మీటియర్‌కి అన్యాయం చేయదలచుకోలేదు. రెండు సిలిండర్లు, 47 పీఎస్, 52 ఎన్‌ఎం, రాజమండ్రి నుంచి విశాఖ దాకా 16వ నంబర్ హైవే మీద దానంత సుఖమైన బండి ఈ ధరలో లేదు. కానీ నేల నుంచి ఎత్తు 135 మిల్లీమీటర్లు. రంపచోడవరం మీదుగా పాడేరు, అరకు వైపు వెళ్ళే 516ఇ జాతీయ రహదారి పనులు జరుగుతున్నప్పుడు ఇద్దరం కంకర మీద వెళ్ళాం, ఆ రోజు మాతో వచ్చిన 650 అడుగుభాగం ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టడం మానేశాం. హిమాలయన్ ఎత్తు 230. అడవి రోడ్లు మానేసి హైవేలే తిరుగుతాను అనుకుంటే అప్పుడు నా జవాబు మారుతుంది.

ట్యూబ్‌లెస్ అని ఎందుకు గట్టిగా చెప్పానంటే, హిమాలయన్ 450 మొదట వచ్చినప్పుడు ట్యూబ్ ఉన్న స్పోక్ చక్రాలతోనే వచ్చింది, నాది అదే. దోర్నాల దాటాక అడవిలో వెనక చక్రం పంక్చర్ అయింది. చక్రం ఊడదీసి, ఆటోలో వెనక్కి దోర్నాల పంపించి, అతికించి తెచ్చేసరికి మూడు గంటలు. ఆ అడవి రోడ్డుకి రాత్రి గేట్లు వేస్తారు, చీకటి పడుతోందని ఇద్దరికీ భయమే. తర్వాత ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాల వేరియంట్ వచ్చింది. పదివేలు ఎక్కువైనా అదే తీసుకోండి. పంక్చర్ కిట్, చిన్న ఎయిర్ పంపు వెంట పెట్టుకుంటే పావుగంట పని. మీటియర్‌కి ట్యూబ్‌లెస్ కాబట్టి ఆ కష్టం మీకింకా తెలియదు.

లడఖ్ సంగతి. జీవితంలో ఒకసారి వెళ్ళే ఊరి కోసం రోజూ నడిపే బండిని ఎంచుకోకండి. రాజమండ్రి నుంచి లడఖ్‌లోని లేహ్ దాదాపు మూడు వేల కిలోమీటర్లు, రానూపోనూ ఆరు వేలు. అంత సెలవు దొరకనివాళ్ళు లేహ్‌కి విమానంలో వెళ్ళి అక్కడే బండి అద్దెకి తీసుకుంటారు, నేనూ అలాగే వెళ్ళాను. సొంత బండితో వెళ్ళవచ్చు, బయటి ఊళ్ళ నుంచి అద్దె బండి తీసుకెళ్తే మాత్రం అక్కడివాళ్ళు తిరగనివ్వరు. లేహ్ పైనున్న ఖర్దుంగ్ లా కనుమ దగ్గర దాదాపు 17,600 అడుగుల ఎత్తులో గాలి పలచన, ఏ ఇంజనైనా నీరసపడుతుంది. ఈ మూడు బళ్ళూ వెళ్ళొస్తాయి. మీటియర్ కూడా వెళ్తుంది.

ఇక డబ్బు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బళ్ళకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది దాటినవాటికి సెస్‌తో కలిపి 31 ఉన్నది 40 శాతం అయింది. వీ-స్ట్రామ్ ఇటుపక్క, హిమాలయన్, సూపర్ మీటియర్ అటుపక్క. అందుకే వాటి మధ్య తేడా మునుపటి కంటే పెరిగింది. ఇందులోనే మీకు రెండో దెబ్బ కూడా ఉంది: కొత్త మీటియర్ ధర తగ్గింది కాబట్టి పాత మీటియర్‌కి కూడా ఆ మేరకు తగ్గించి అడుగుతారు. కొంత తగ్గడం న్యాయమే. అయినా 41 వేలు తిరిగిన, సర్వీస్ రికార్డు ఉన్న 2021 బండికి 92 వేలు మొదటి మాటే అనుకోండి, చివరి మాట కాదు.

షోరూమ్‌లో పాత బండి ఊసెత్తకుండా కొత్త బండి ఆన్‌రోడ్ ధర, ఇచ్చే తగ్గింపులు కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాత పాత బండి తీసుకొచ్చి విడిగా ధర అడగండి. ఎక్స్‌ఛేంజ్ బోనస్ అని పదివేలు ఇచ్చి, బండి విలువలో పదిహేను వేలు కోసేయడం నేను ఒకటి రెండు చోట్ల కాదు, చాలా చోట్ల చూశాను. సెకండ్ హ్యాండ్ బళ్ళు కొనేవాళ్ళ దగ్గర ఇంకో రెండు ధరలు తీసుకోండి. మా గ్రూపులో సొంతంగా అమ్ముకున్నవాళ్ళకి షోరూమ్ చెప్పినదానికంటే 15 నుంచి 25 వేలు ఎక్కువే వచ్చింది, కాకపోతే నెలా రెండు నెలలు పట్టింది. తేడా పదివేల లోపే అయితే షోరూమ్‌కే ఇచ్చేయండి, తిరుగుడు తప్పుతుంది. బ్యాక్‌రెస్ట్, బ్యాగు స్టాండ్లు, అదనపు లైట్లు విప్పేసుకుని ఇవ్వండి, వాటికి వాళ్ళు రూపాయి కలపరు, విడిగా అమ్మితే డబ్బులొస్తాయి. అమ్మే ముందు కొత్త టైర్లు వేయించకండి.

కాగితాల దగ్గర ఏమరుపాటు వద్దు. నా థండర్‌బర్డ్ ఒక షోరూమ్‌కి ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చాను, పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు తీసుకున్నారు, అంతా మేం చూసుకుంటాం అన్నారు. పదకొండు నెలల తర్వాత ఏలూరులో ముగ్గురు ఎక్కి వెళ్తున్న ఫోటోతో నా ఫోన్‌కి చలానా వచ్చింది. బండి ఇద్దరి చేతులు మారింది కానీ ఆర్‌సీ నా పేరు మీదే ఉంది. ఆ బండితో ఎవరినైనా గుద్ది ఉంటే కోర్టు నోటీసు నా ఇంటికే వచ్చేది. మూడుసార్లు తిరిగితే గానీ మార్చలేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధన ఉంది: ఆర్‌టీఏ (రవాణా శాఖ) అనుమతి ఉన్న డీలర్‌కి బండి అప్పగిస్తే 29సీ ఫారం ద్వారా ఆ సంగతి ఆన్‌లైన్‌లో నమోదు చేయవచ్చు, అక్కడి నుంచి బాధ్యత డీలర్‌ది. మీ షోరూమ్‌కి ఆ అనుమతి ఉందా అని అడగండి, ఉంటే అది చేయించుకునే తాళాలు ఇవ్వండి. లేదంటే తేదీ, టైము, కిలోమీటర్ రీడింగ్ రాసి వాళ్ళ స్టాంపుతో డెలివరీ కాగితం తీసుకుని, ఆర్‌సీ మారే వరకు వారానికోసారి రవాణా శాఖ వాళ్ళ పరివాహన్ సైట్‌లో చూస్తూ ఉండండి. మీటియర్ లోన్ మీద కొని ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే లెటర్), 35వ ఫారం ఇచ్చి ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు లోన్ ఉందనే నమోదు) తీయించారో లేదో ఇప్పుడే చూసుకోండి, చాలామంది లోన్ తీరిపోయింది కదా అని అది వదిలేస్తారు.

ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేయకపోతే మీకు నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, ప్రీమియంలో తగ్గింపు) ఉంటుంది, వరుసగా ఐదేళ్ళయితే 50 శాతం. అది బండిది కాదు, మీది. మీటియర్ పేరు మారాక ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి ఎన్‌సీబీ లెటర్ తీసుకుని కొత్త బండి పాలసీలో ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టం) ప్రీమియంకి వాడుకోండి, మూడేళ్ళ దాకా చెల్లుతుంది. షోరూమ్‌లో వాళ్ళంతట వాళ్ళు చెప్పరు, అడగాలి.

బండి వచ్చాక వెంటనే యాక్సెసరీస్ మీద పడకండి. లో సీటు, క్రాష్ గార్డు, వెనక చిన్న బ్యాక్‌రెస్ట్ ఉన్న టాప్ బాక్స్, ఈ మూడూ చాలు. మీ ఆవిడకి మీటియర్ బ్యాక్‌రెస్ట్ అలవాటైంది కాబట్టి టాప్ బాక్స్ ముందు మెత్త ఉన్నది చూసి కొనండి. ఇద్దరూ వెళ్ళేటప్పుడు వెనక షాక్ ప్రీలోడ్ (స్ప్రింగ్ బిగువు) రెండు మూడు మెట్లు బిగించాలి, లేకపోతే వెనక కుంగి హెడ్‌లైట్ చెట్ల మీదికి కొడుతుంది, ముందు చక్రం తేలిగ్గా అనిపిస్తుంది. ఒంటరిగా వెళ్ళేటప్పుడు మళ్ళీ వదులు చేయాలి. మొదటి ట్రిప్పు మారేడుమిల్లి అయితే బాగుంటుంది, పొద్దున బయల్దేరి గోకవరం మీదుగా వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు, ఇద్దరి ఒంటికీ బండి ఎక్కడ నొప్పి పుట్టిస్తోందో ఆ ఒక్క రోజులో తెలిసిపోతుంది. కాలి కొలత ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి, లో సీటు సరిపోతుందో లేదో చూసి చెబుతాను.